కింది కట్టలో మిగిలిన స్లైడు

మీ ఇంట్లో పిల్లకు ఒళ్ళు కాలిపోతుంటే, పరీక్ష చెయ్యవలసిన మనిషి తీరిగ్గా చేతులు తుడుచుకుంటూ "వీళ్ళకిది అలవాటేలే" అంటే మీరు ఊరుకుంటారా?

ఊరుకోరు. కాలరు పట్టుకుంటారు. పట్టుకోవాలి కూడా. ఆ మాట అన్నవాణ్ణి నేను. నా కాలరు ఎవరూ పట్టుకోలేదు. అన్నది అడవిలో, విన్నది అడవి మనుషులు. అందుకని రిటైరైన ఇన్నాళ్ళకు నా కాలరు నేనే పట్టుకుంటున్నాను. ఆరోగ్య శాఖలో కొత్తగా చేరిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, ఆశ్రమ పాఠశాలల్లో పాఠాలు చెప్పేవాళ్ళు ఇది కడదాకా చదవండి.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. నా సర్వీసులో సగానికి పైగా భద్రాచలం దాటి అడవిలోకి పోయే రోడ్డు మీద, ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో గడిచింది. వేలు పొడిచి రక్తపు చుక్క తీయడం, గాజు పలక మీద పూయడం, రంగు వేసి మైక్రోస్కోపు కింద మలేరియా క్రిమి కోసం వెతకడం నా ఉద్యోగం. ఉద్యోగం కాక ఇంకో వ్యాపకం ఉండేది. హేతువాద సభల్లో ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి. నిప్పుల మీద నడిచి చూపించాను. నాలుక మీద కర్పూరం వెలిగించాను. చేతబడి చేస్తామని బెదిరించిన ఒక పెద్దమనిషిని వేదిక మీదికి పిలిచి, జనం ముందు నీళ్ళు నమిలించాను. వాదనలో నన్ను గెలిచినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. జరిగినదానికి అదే మూలం కాబట్టి చెబుతున్నాను.

ల్యాబులో నాకొక పద్ధతి ఉండేది. వానాకాలంలో స్లైడ్లు గుట్టలుగా వచ్చి పడేవి. చూసేవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని వాటిని రెండు కట్టలు కట్టేవాణ్ణి. రోడ్డు పనికి వచ్చిన కూలీలు, పోలీసు క్యాంపు జవాన్లు, బదిలీ మీద వచ్చిన ఉద్యోగుల పిల్లలు, అంటే బయటి నుంచి వచ్చినవాళ్ళంతా పై కట్ట. అడవి ఊళ్ళవాళ్ళు కింది కట్ట. పై కట్ట ముందు చూసేవాణ్ణి.

ఇందులో శాస్త్రం లేకపోలేదు. మలేరియా ఏడాది పొడుగునా తిరిగే చోట పుట్టి పెరిగిన పిల్లలకు చిన్నప్పటి నుంచి ఆ జ్వరం మళ్ళీ మళ్ళీ తగులుతుంది. బతికి బయటపడితే, నాలుగైదేళ్ళు వచ్చేసరికి ఒళ్ళు ఆ క్రిమితో వేగడం కొంత నేర్చుకుంటుంది. ఎప్పుడూ ఎరగని ఒళ్ళయితే మొదటి దెబ్బకే కూలిపోవచ్చు. శిక్షణలో ఇదే చెప్పారు, ఇది నిజమే. నేను మాత్రం "బతికి బయటపడితే" అన్న మాటను మింగేసి, మిగిలినదాన్ని "వీళ్ళ రక్తానికి అలవాటే" అని నాలుగు ముక్కల్లోకి కుదించుకున్నాను. ఎన్ని వానాకాలాలు ఆ నాలుగు ముక్కలతో పని నడిపానో!

ఆ ఏడు వానలు బాగా పట్టుకున్నాయి. రెండు వాగులకు అవతల ఉన్న ఒక కోయ ఊరికి జ్వరాల క్యాంపుకు వెళ్ళాం. నేను, నాతోపాటు మా నర్సమ్మ. ఆవిడ ఆ ఊళ్ళన్నీ కాలినడకన తిరిగిన మనిషి, ఏ ఇంట్లో ఎవరు నీళ్ళోసుకున్నారో నోటికి చెప్పగలదు. అప్పటికప్పుడు పావుగంటలో ఫలితం చూపించే కిట్లు ఆ నెల అయిపోవచ్చాయి. నా సంచిలో నాలుగు మిగిలాయి. మధ్యాహ్నం దారిలో ఉన్న పోలీసు క్యాంపుకు కూడా వెళ్ళాలి. అక్కడ ఎక్కడెక్కడి నుంచో కొత్త జవాన్లు దిగారు. ఆ నాలుగూ వాళ్ళకని పక్కన పెట్టాను.

ఊరి మధ్య ఇప్పచెట్టు కింద జనం పోగయ్యారు. జనం కనబడితే నా నోరు ఊరుకోదు. సంచిలోంచి నిమ్మకాయ తీశాను, కత్తి తీశాను. మంత్రం చదువుతున్నట్టు పెదాలు కదిపి నిమ్మకాయ కోశాను. ఎర్రగా రక్తంలా కారింది. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. తర్వాత రహస్యం విప్పి, ఇదంతా మోసమని చెప్పి, జ్వరం వస్తే కోడిని కోయకండి, దవాఖానాకు రండి అని ముగించడం నా ఆనవాయితీ.

రహస్యం విప్పకముందే ఊరి వడ్డె లేచాడు. ఆ ఊరి పూజలు, పసర్లు చూసే పెద్దాయన. ఎండిన కట్టెలాంటి మనిషి. వెనక ఒక తల్లి, ఆవిడ భుజం మీద తల వాల్చి తొమ్మిదేళ్ళ పిల్ల.

"సారూ, నీ ఆట తర్వాత ఆడుదువు గని, ముందుగాల ఈ పిల్లను సూడు" అన్నాడు.

"ఏం పెద్దాయనా, నువ్వు చూడలేదా? నీ వేపమండ అరిగిపోయిందా?" అన్నాను. జనంలో నవ్వులు.

ఆయన నవ్వలేదు. "సూసిన. నాతోని అయ్యేది గాదు. ఈ పిల్ల మా ఊళ్ళె పుట్టిందే గని, ఆరేండ్ల సంది గోదారి అవుతల పెరిగింది. అడివి దీన్ని మర్సిపోయింది. గిసొంటోళ్ళను మొదటి వానకాలం మేము పోడు సేన్లకు గూడ పోనియ్యం, ఇంటికాడనే ఉంచుతం. దీని తల్లి ఇనలె. తీస్కపోయింది."

"అడివి మర్చిపోయిందా!" నేను జనం వైపు తిరిగాను. "అంటే అడివి దగ్గర హాజరు పట్టీ ఉందన్నమాట. పొద్దున్నే లేచి పేర్లు పిలుస్తుందా పెద్దాయనా? ఈ పిల్ల ఆరేళ్ళు ఆబ్సెంటని పేరు కొట్టేసిందా?"

ఊరంతా విరగబడి నవ్వింది. వడ్డెను ఆయన ఊళ్ళోనే, ఆయన మనుషుల మధ్యనే నవ్వులపాలు చేశాను. సభల్లో ఇలాంటి క్షణానికి చప్పట్లు పడతాయి.

"నవ్వుకోండ్రి" అన్నాడాయన. "నవ్వి, పిల్లను సూడుండ్రి."

ఇప్పుడు ఆ మాటలు ఒక్కొక్కటే తీసి చూస్తున్నాను. అడవి మరిచిపోయిందన్నది కథ. ఆరేళ్ళుగా గోదావరి అవతల పెరిగిందన్నది కబురు. నేను కథను దొరకబుచ్చుకుని చీల్చి చెండాడాను. కబురు నా చెవి పక్కనుంచి పోయింది. చెప్పినవాడు వడ్డె కాకుండా మా కేంద్రం డాక్టరమ్మ అయి ఉంటే ఆ నోట్లోంచి వచ్చిన ప్రతి ముక్కా రాసుకునేవాణ్ణి.

పిల్లను కూర్చోబెట్టారు. కళ్ళు ఎర్రగా, పెదాలు పగిలి ఉన్నాయి. నా చేతిలో కత్తి వైపు చూసింది.

"అంకుల్, అది రక్తం గాదు. కత్తికి ఏదో రాసిండ్రు."

నేను ఆశ్చర్యపోయాను. "నీకెట్లా తెలుసమ్మా?"

"మా బడిల సార్ చేసి సూపిచ్చిండు. మందారపూలు పిండి కత్తికి రాస్తరు. నిమ్మరసం తాకితె ఎర్రగైతది."

"సెబాష్!" అని అరిచాను. పిల్ల భుజం పట్టుకుని జనానికి చూపించాను. "చూశారా! మీ ఊరి పిల్ల! ప్రశ్న అడగడమంటే ఇదీ! ఇంతమందిలో ఇదొక్కతే అడిగింది!"

ఆ ఊళ్ళో అప్పటిదాకా నన్ను అంకుల్ అన్న పిల్ల లేదు. ఆ ఊరి బడిలో మందారపూల ప్రయోగం చేసి చూపించిన మాస్టరూ లేడు. బడే సరిగ్గా నడవదు. ఏ బడి తల్లీ మీది, ఎన్నాళ్ళున్నావు అక్కడ, అని అడిగితే చాలు. అడగడం గురించి అరుస్తున్నవాణ్ణి, అడగలేదు.

వేలు పొడిచాను. ఏడవలేదు. గాజు పలక మీద చుక్కను చూసి, "ఇదైతే మందారపూలు గాదు గద అంకుల్?" అంది.

"కాదమ్మా. ఇది నీదే."

"అయితె జల్ది సూసి చెప్పుండ్రి. తలకాయ మస్తు నొస్తంది. మా అమ్మ నన్ను ఇక్కడి బడిల ఏస్త అన్నది."

"రేపే చెబుతాను" అన్నాను.

నర్సమ్మ నన్ను పక్కకు పిలిచింది. "సారూ, నాకీ పిల్ల వాలకం నచ్చట్లేదు. కళ్ళు మూతలు పడుతున్నయి. ఒక కిట్టు ఏసి చూద్దామా? పావుగంట పని."

"నాలుగే ఉన్నాయమ్మా. అవతల క్యాంపులో అంతా కొత్తవాళ్ళు. ఈ పిల్ల లోకలే కదా."

"లోకలే అనుకోండి, అయినా..."

"దీని తమ్ముడి స్లైడు పోయిన నెల నేనే చూశాను. క్రిములు కుమ్మరించినట్టున్నాయి. వాడు చూడు ఎక్కడున్నాడో." చెట్టు కొమ్మ మీద కూర్చుని ఏడేళ్ళ పిల్లవాడు కాళ్ళు ఊపుతున్నాడు. మందు బిళ్ళలు ఇవ్వకముందు కూడా వాడు అలాగే ఉన్నాడు. "ఒకటే ఇల్లు, ఒకటే రక్తం. వీళ్ళకిది అలవాటేలే."

నర్సమ్మ పిల్ల దగ్గరికి వెళ్ళింది. జ్వరం బిళ్ళలు ఇచ్చి, తడిగుడ్డతో ఒళ్ళు తుడవమని తల్లికి చెప్పింది. నేను రిజిస్టరులో పేరు, వయసు, గ్రామం రాశాను. గ్రామం అన్న గడిలో ఆ ఊరి పేరే రాశాను. అబద్ధం కాదు. అంతకంటే అడిగే గడి ఆ రిజిస్టరులో లేదు.

పోలీసు క్యాంపులో జ్వరంతో ఉన్నవాళ్ళు ముగ్గురే తేలారు. తిరిగొస్తుంటే నా సంచిలో ఒక కిట్టు మిగిలే ఉంది.

మర్నాడు పై కట్ట చూశాను. మధ్యాహ్నం కరెంటు పోయింది. కింది కట్టకున్న రబ్బరు బ్యాండు తీయకుండానే బస్సెక్కాను. ఆ సాయంత్రం కొత్తగూడెంలో ఒక సభలో మాట్లాడాలి. దేని గురించో చెప్పడానికి ఈ రోజుకీ నాకు సిగ్గేస్తుంది. మూఢనమ్మకాలకు బలవుతున్న పిల్లల గురించి. చాలా బాగా మాట్లాడానన్నారు. ఆ సభ జరిగిన హాలుకు కూతవేటు దూరంలోనే ఆ పిల్ల పెరిగిన గని కార్మికుల క్వార్టర్లు ఉన్నాయని తర్వాత తెలిసింది.

మూడో రోజు పొద్దున కింది కట్ట విప్పాను. పన్నెండో పదమూడో స్లైడు ఆ పిల్లది. ఎర్ర కణాల్లో సన్నటి ఉంగరాల్లాంటి క్రిములు కనిపించాయి. ప్రాణాంతకమైన రకమే. కానీ ఎక్కువ లేవు. తమ్ముడి స్లైడులో ఉన్నవాటిలో సగం కూడా లేవు. తమ్ముడే చెట్టెక్కి ఆడుతున్నాడు, దీనికేం భయం లేదు అనుకున్నాను. దాచను, ఆ క్షణంలో నాకు తెరిపి కలిగింది. నర్సమ్మతో బిళ్ళలు పంపుదామని కాగితం మీద రాస్తుంటే బయట కేకలు వినబడ్డాయి.

మంచానికి తాళ్ళు కట్టి, పొడుగాటి కర్రకు వేలాడదీసి మోసుకొచ్చారు. ముందు కొస మోస్తున్నది వడ్డె. ఛాతీ దాకా తడిసి ఉన్నాడు. రెండు వాగులూ పొంగుతున్నాయట. మంచంలో పిల్ల కొట్టుకుంటోంది. పళ్ళు గిట్టకరిచాయి, కనుగుడ్లు పైకి తేలాయి.

మా డాక్టరమ్మ వయసులో నా కూతురంత ఉంటుంది. కేంద్రానికి వచ్చి ఏడాది కాలేదు. పరుగెత్తుకొచ్చి సూది వేసింది, నరానికి సెలైన్ ఎక్కించింది, ఫోన్లు చేసి అంబులెన్సు రప్పించింది. బిళ్ళలు పంపుదామని రాసిన కాగితం నా చేతిలోనే ఉంది.

తల్లి నన్ను గుర్తుపట్టింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "నిన్న పొద్దటిదాంక మాట్లాడింది సారూ. అంకుల్ ఇయ్యాల చెప్తనన్నడు గద, ఇంక రాలేదేందని బాట దిక్కే సూసింది."

భద్రాచలం పెద్దాసుపత్రికి తీసుకుపోయారు, డాక్టరమ్మ కూడా వెంట వెళ్ళింది. అక్కడ చెయ్యగలిగినదంతా చేశారు. మర్నాడు పొద్దున పిల్ల పోయింది.

డాక్టరమ్మ తిరిగొచ్చి తిన్నగా ల్యాబుకు వచ్చింది. అక్క స్లైడు, తమ్ముడి స్లైడు రెండూ అడిగింది. చాలాసేపు ఒకదాని తర్వాత ఒకటి చూసింది. తర్వాత తలెత్తి అడిగింది.

"ఈ పాప ఎక్కడ పెరిగింది సార్?"

ఆ ఒక్క ప్రశ్న! ఎవరూ అడగకుండానే దానికి ముందే జవాబు చెప్పినవాడు వడ్డె.

పక్కనే నిలబడ్డ నర్సమ్మ చెప్పింది. తండ్రి కొత్తగూడెంలో గని దగ్గర కాంట్రాక్టు పనిలో ఉండేవాడు. మూడేళ్ళ పిల్లను వెంట తీసుకెళ్ళారు. ఏడాది వయసున్న తమ్ముణ్ణి అమ్మమ్మ దగ్గర ఊళ్ళోనే వదిలారు. పని పోయి, ఎండాకాలంలో కుటుంబమంతా ఊరికి తిరిగొచ్చింది. వచ్చి మూడు నెలలు కాలేదు.

డాక్టరమ్మ స్టూలు మీద కూలబడింది. "మలేరియాకు ఒక్కసారి వచ్చి జీవితాంతం నిలిచే రక్షణ ఉండదు సార్. మళ్ళీ మళ్ళీ తగులుతుంటే ఒళ్ళు మెల్లగా నేర్చుకుంటుంది. అది కూడా క్రిమిని చంపేయడం కాదు, దానితో కాపురం చెయ్యడం. దాన్ని గుర్తుపట్టడం, అతిగా కంగారు పడకుండా పోరాడటం. ఏళ్ళ తరబడి దూరంగా ఉంటే నేర్చుకున్నది చాలావరకు జారిపోతుంది. అప్పుడు మళ్ళీ కొత్తగా చూసినట్టే. ఆ కంగారులో ఒళ్ళు తన ఇంటికి తానే నిప్పు పెట్టుకుంటుంది. ఎవరిలో ఎందుకు అంత తీవ్రంగా వస్తుందో శాస్త్రానికి ఇంకా పూర్తిగా తెలీదు. కానీ ఇంత మాత్రం తెలుసు."

"స్లైడులో క్రిములు తక్కువున్నాయి మేడమ్. అందుకని ధైర్యపడ్డాను."

"మీరు చూసింది వేలి రక్తం. అందులో తిరుగుతున్నవే కనబడతాయి. మెదడు నాళాల గోడలకు అంటుకుని దాక్కున్నవి స్లైడు మీదికి రావు కదా." తమ్ముడి స్లైడు వేలితో చూపించి, "ఆ తమ్ముణ్ణి కూడా రేపు తీసుకురండి. చెట్లెక్కుతున్నాడని వదిలెయ్యకండి. రక్తం ఎంత తగ్గిపోయి ఉందో! అలవాటంటే ఆరోగ్యం కాదు" అంది.

తీసుకొచ్చాం. కనురెప్ప దింపి చూస్తే లోపల తెల్లగా ఉంది. వాడి అలవాటుకు వాడు కట్టిన వెల అది.

ఆ రోజు నుంచి ఒక మాట నన్ను వదల్లేదు. అడవి పిల్లను మరిచిపోయిందన్నాడు వడ్డె. మరిచిపోయింది అడవి కాదు, పిల్ల ఒళ్ళు. ఆయన వివరణ తప్పు. కానీ ఆయన గమనించినది అక్షరాలా నిజం. అడవి విడిచిపోయి తిరిగొచ్చినవాళ్ళను మొదటి వానాకాలం చేలకు పోనివ్వని కట్టుబాటు ఆ ఊరికి ఎలా వచ్చి ఉంటుంది? ఎన్ని తరాలు, ఎంతమంది పిల్లల్ని పూడ్చిపెట్టి నేర్చుకుని ఉంటారు? నా వివరణ ఒప్పు. నా వివరణలో ఆ పిల్ల లేదు.

నా పాత మిత్రులు కొందరు ఇది చదివి, చివరికి నువ్వూ వడ్డె కాళ్ళ మీద పడ్డావన్నమాట అంటారు. పడలేదు. వేపమండ పిల్లను బతికించేది కాదు, ఈ మాట ఇప్పుడూ అంటాను. ఆయనా అదే అన్నాడు కదా, "నాతోని అయ్యేది గాదు" అని! తన విద్య ఎక్కడ ఆగిపోతుందో ఆయనకు తెలుసు. ఆ రోజు ఆ చెట్టు కింద ఆ జ్ఞానం ఆయనొక్కడికే ఉంది. ఋజువు ఎవరి నోట్లోంచి వస్తోందో చూసి దాన్ని పారేసినవాడు హేతువాది కాడు. "వీళ్ళ రక్తం" అని ఒక జాతినంతా ఒక సీసాలో పోసి మూత పెట్టినవాడు అసలే కాడు. అవును, కొన్ని అడవి కుటుంబాల రక్తంలో కొడవలి కణాల (సికిల్ సెల్) లక్షణం ఉంటుంది, అది మలేరియా తీవ్రతను కొంత ఆపుతుంది. అయితే? అది ఒకరికి ఉంటుంది, పక్కవాడికి ఉండదు. జాతి మొత్తానికి కట్టిన తాయెత్తు కాదది. నేను ఊరూరా తిరిగి తాయెత్తులు తెంపినవాణ్ణి. నా బుర్రలో ఒకటి కట్టుకుని తిరిగాను.

ఇంకొకటి చెప్పాలి. ఇది చెప్పడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను, ఇంతసేపూ వాయిదా వేశాను.

పిల్ల చనిపోతే విచారణ కాగితం ఒకటి నింపుతారు. ఆలస్యం ఎక్కడ జరిగిందన్నది అందులో ఒక గడి. పైనుంచి వచ్చిన ఒక అధికారి, పాపం మంచివాడే, నా ఉపన్యాసాలు విన్నవాడే, కలం తెరిచి "వడ్డె దగ్గరికి తీసుకెళ్ళడం వల్లనే కదా? మూఢనమ్మకం అని రాద్దాం. మీకు తెలియంది ఏముంది" అని నా వైపు చూశాడు. డాక్టరమ్మ కూడా నా వైపు చూసింది. నర్సమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

జనం ముందు ఎంతమంది మోసగాళ్ళ నోళ్ళు మూయించానో లెక్కలేదు. ఆ గదిలో ఉన్నది నలుగురమే. నా నోరు లేవలేదు. "మూఢనమ్మకాల వల్ల కుటుంబం వైపు ఆలస్యం" అని రాశాడు. సాక్షిగా నేను సంతకం పెట్టాను.

బయటికి వచ్చాక నర్సమ్మ అంది. "మూఢనమ్మకమన్నది నిజమే కద సారూ. ఎవరిదో సరిగ్గ రాయలే, అంతే." ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా ఆవిడ నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు.

నెల తిరక్కుండానే ఆ ఊళ్ళో మళ్ళీ క్యాంపు పడింది. ఈసారి కిట్లు సరిపడా తెచ్చాను. నిమ్మకాయ తేలేదు. ఇప్పచెట్టు కిందికి వెళ్ళేసరికి జ్వరం పిల్లలు రెండు వరుసల్లో కూర్చుని ఉన్నారు. మధ్యలో వడ్డె, చేతిలో కర్ర.

"ఇదేంది పెద్దాయనా, రెండు వరుసలు?"

"ఈ దిక్కు ఈడనే ఉన్నోళ్ళు. ఆ దిక్కు వచ్చినోళ్ళు" అన్నాడు. "వీడు హాస్టల్ సంది వచ్చిండు. ఇది సత్తుపల్లి తోటల్లకు పోయి వచ్చింది, తల్లితోని. ముందు వీళ్ళకు సూది పొడువు. తర్వాత గా దిక్కోళ్ళను గూడ సూడు, ఒక్కర్ని గూడ ఇడువకు."

నేను ఎంత చదివీ సరిగ్గా వెయ్యలేని రెండు కట్టలు, అక్షరం రాని ఆ ముసలాయన నేల మీద వేసి ఉంచాడు. ఒక్కొక్కరికి కిట్టు వేశాను. హాస్టలు పిల్లవాడికి మలేరియా ఉన్నట్టు గీత వచ్చింది. అక్కడికక్కడే మొదటి బిళ్ళ నా ఎదుట మింగించాను. వాడు బతికాడు.

సామాను సర్దుకుంటుంటే వడ్డె దగ్గరికొచ్చాడు.

"నిమ్మకాయ తేలేదా సారూ?"

తల వంచుకున్నాను. "లేదు."

"తేవల్సింది. పోరగాండ్లు అడుగుతున్నరు. ఆ పిల్ల పండుకున్న రెండు దినాలు పక్కన కూసున్న పోరగాండ్లందరికి చెప్పిందంట, కత్తికే ఉంటది మతలబు, సారు చెయ్యిల గాదని. గిప్పుడు ఊళ్ళె పోరగాండ్లు నన్ను గూడ ఇడుస్తలేరు. తాతా, నీ మండకు ఏం రాసినవ్ అంటున్నరు."

ఆయన మొహంలో కోపం లేదు, నవ్వూ లేదు. ఏదో ఉంది, నాకు పేరు తెలియదు. నేనక్కడ నిలబడి ఏడ్చాను. ఇన్నేళ్ళు అడవిలో ఉపన్యాసాలిచ్చి నేను చెయ్యలేనిది, తొమ్మిదేళ్ళ పిల్ల జ్వరంలో పడుకుని చేసి పోయింది.

ఆ సాయంత్రం నా రిజిస్టరులో గ్రామం అన్న గడి పక్కన పెన్సిలుతో ఒక గీత గీసి, కొత్త గడి పెట్టాను. "ఈ రెండేళ్ళు ఎక్కడ ఉన్నారు?" ఇలాంటి గడి పెట్టమని ఎవరూ ఆదేశించలేదు, తీసెయ్యమనీ ఎవరూ అనలేదు. రిటైరయ్యేదాకా నింపాను. నా తర్వాత వచ్చినవాళ్ళు నింపుతున్నారో లేదో తెలియదు.

విచారణ కాగితం మీద నేను రాయించనిది ఇక్కడ రాస్తున్నాను. ఆలస్యం కుటుంబానిది కాదు, వడ్డెది కాదు. పిల్ల స్లైడు రెండు రోజులు నా బల్ల మీద కింది కట్టలో ఉంది. మిగిలిన కిట్టు నా సంచిలో ఉంది.

చదివి అయ్యో అనుకుని పక్కన పెట్టకండి. మీరు ల్యాబులో ఉంటే రేపు పొద్దున రిజిస్టరు తెరిచి ఆ గడి గీయండి. ఆశ్రమ పాఠశాలలో ఉంటే, సెలవులకు అడవి ఊళ్ళకు వెళ్ళే ప్రతి పిల్ల పేరు రాసి, జ్వరమొస్తే ఆ రోజే పరీక్ష చేయించమని ఆ ఊరి ఆశా కార్యకర్తకు కబురు పంపండి. ఇవేవీ మీ ఉద్యోగం కాకపోతే, మీ ఎదుట ఎవరైనా "వాళ్ళకది అలవాటే" అన్నప్పుడు వాడి కాలరు పట్టుకోండి. వాడు నాకంటే బాగా వాదించినా సరే, పరీక్ష అయ్యేదాకా వదలకండి.

నేను గీసింది పెన్సిలు గీత. ఈపాటికి చెరిగిపోయి ఉంటుంది. మీరు సిరాతో గీయండి.